చుట్ట మానేసిన అప్పాయమ్మ

అప్పాయమ్మ చుట్ట మానేసి ఏడేళ్లయింది. ఆ మాట పెదజాలరిపేటలో ఒక్కరూ నమ్మలేదు.

నమ్మనందుకు వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. పదిహేనో ఏట మొదలుపెట్టిన అడ్డపొగ అది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి, చేపల గంప నెత్తినెత్తుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ మైళ్లకు మైళ్లు నడిచిన మనిషి. సముద్రపు గాలికి చుట్ట ఆరకుండా అలా తాగడం ఆ పేట ఆడవాళ్లకి ఒకరు నేర్పక్కర్లేని విద్య. అలాంటిది, మనవరాలు పుట్టినప్పుడు నూకాలమ్మకి మొక్కుకుని ఒక్క పూటలో మానేశానంటే ఎవరు నమ్ముతారు? పైగా ఆ దగ్గొకటి. వీధి మొగలో మొదలైతే ఇంటి గుమ్మందాకా ఆగేది కాదు. దగ్గిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వేవారు. "మానీసిందట" అని.

అందరికంటే ముందు నమ్మడం మానేసింది ఆమె తమ్ముడు గురువులు. చేపల రేవు గేటు పక్కన అతనికి డీజిల్ పంపుల షెడ్డు ఉంది. తల్లి పోయాక తనని పెంచిన అప్ప కాబట్టి, ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు తనకే ఉందని అతని నమ్మకం. ఆ మంగళవారం ఆమెని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని సీతమ్మధారలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆ హక్కుతోనే.

డాక్టరమ్మ చిన్నపిల్ల. ఓపిగ్గా మాట్లాడింది. గొట్టంలోకి ఊదమంది. అప్పాయమ్మ ఊదింది. ఇంకా, ఇంకా అంది డాక్టరమ్మ. ఇంకా లేదు. మరపడవ తాడు ఒంటిచేత్తో లాగిన మనిషి ఆ గొట్టం ముందు చేతులు మోకాళ్ల మీద ఆనించి కూలబడింది. డాక్టరమ్మ నోరు తెరిపించి లైటు వేసి చూసింది. అంగిట్లో పాత చుట్ట కాల్చిన మచ్చలు.

"చుట్ట తాగుతావా?"

"మానీసేను తల్లీ. ఏడేళ్లయిపోనాది."

డాక్టరమ్మ గురువులు వైపు చూసింది. ఆ చూపు మాకు తెలియదా అన్నట్టు ఉంది. గురువులు కూడా అలాగే చూశాడు. ఇద్దరూ కలిసి ఒక ముసలమ్మ అబద్ధాన్ని పట్టుకున్నట్టు తల ఊపారు.

"పొగ మానకపోతే నేనిచ్చే మందు పనిచేయదు. ఇంట్లో వాళ్లే కనిపెట్టుకుని ఉండాలి. పది రోజులకి మళ్లీ తీసుకురండి."

దారి పొడుగునా గురువులు తిడుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక ఆమె కోడలు మహేశ్వరి ముందు కూడా ఆపలేదు.

"నీ వయసేటి, నీ పనేటి అప్పా? సదువుకున్న పిల్ల ముందు నా తల తీసీసినావు. ఎక్కడ దాసినావో తియ్యి."

"నాను తాగనేదురా."

"అయితే నీ పొట్టలోకి పొగ ఆకాశం నుంచొచ్చిందేటి?"

మహేశ్వరి రేకు పెట్టె తెచ్చి వాకిట్లో బోర్లించింది. రెండు చీరలు, ఆధార్ కార్డు, మనవరాలి పాత గౌను, నూకాలమ్మ పసుపు పొట్లం. చుట్ట లేదు. లేకపోయేసరికి బయటెక్కడో దాచిందని తేల్చుకున్నారు. అప్పాయమ్మ ఒక్కొక్కటే ఏరి మళ్లీ పెట్టెలో సర్దుకుంది. గౌను రెండుసార్లు దులిపి మడతపెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే దగ్గొస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆమె ఎప్పటిలాగే ఆనందపురంలో చేపలమ్ముకుని తిరిగొచ్చి షెడ్డు దగ్గర పికప్ దిగింది. ఎప్పటిలాగే కుళాయి తిప్పి ముక్కుకి కట్టుకున్న తెల్ల తువ్వాలు ఉతకడం మొదలుపెట్టింది. ముందురోజు తిట్లకి ఇంకా బెట్టుగా ఉందేమో, తమ్ముడి వైపు చూడలేదు. గురువులు నాజిల్ ఒకటి కిరసనాయిల్లో కడుగుతూ అటు చూశాడు. తువ్వాలు మీద రెండు నల్లటి మచ్చలు, ముక్కుపుటాలంత. మూడేళ్లుగా ఆ కుళాయి దగ్గర ఆ తువ్వాలు ఆమె ఉతుకుతూనే ఉంది, అతను అక్కడ కూర్చునే ఉన్నాడు. చూడ్డానికి మాత్రం ఆ బుధవారం వరకూ పట్టింది.

మొదట పోర్టు బొగ్గనుకున్నాడు. ఈ ఊళ్లో కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద, అన్నం మెతుకుల మీద పడేది అదే. లేచి వెళ్లి తువ్వాలు ఆమె చేతిలోంచి తీసుకుని మచ్చని రెండు వేళ్ల మధ్య నలిపాడు. బొగ్గుపొడి అయితే గరుగ్గా ఉంటుంది, నలిపితే రాలిపోతుంది. ఇది రాలలేదు. జిడ్డుగా వేలికి అంటుకుని చర్మం గీతల్లోకి దిగింది. ఇరవై ఎనిమిదేళ్లుగా అతని వేళ్లకి తెలిసిన మసి అది. సగం కాలి బయటికొచ్చిన డీజిల్.

"అబ్బులు బండిలో ఏ పక్క కూకుంటావ్?" అని అడిగాడు.

"ఎప్పుడూ కూకున్నకాడే. ఎనక తలుపుకాడ."

ఆ పికప్‌లో తొమ్మిదిమంది ఆడవాళ్లు, వాళ్ల గంపలు, ఐసు పెట్టెలు. అందరూ ఎక్కాక ఆఖరున వాళ్లలో పెద్దావిడ ఎక్కి, తలలు లెక్కచూసి, వెనక తలుపు గొలుసు వేసి, అక్కడే కూర్చోవాలి. అది పేట ఆడవాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు. ముందు అప్పాయమ్మ అత్త, ఆవిడ పోయాక అప్పాయమ్మ. ఆ గొలుసు ఆమె వేస్తేనే బండి తోలే అబ్బులు గేరు వేస్తాడు.

గురువులు తువ్వాలు ఆమె చేతికిచ్చాడు. గేటు అవతల ఆపి ఉన్న బండి దగ్గరికి వెళ్లి బానెట్ ఎత్తాడు. పంపు మీద, ఇంజనుకి ఎంత డీజిల్ పోవాలో తేల్చే స్క్రూ, దాని లాక్ నట్ మీద ఎర్రటి చుక్క. తను పని చేసిన ప్రతి పంపుకీ ఆఖరున ఆడపిల్లల గోళ్లరంగు చుక్క ఒకటి పెట్టడం అతని అలవాటు. తర్వాత ఎవడైనా చెయ్యి పెడితే చుక్క చిట్లుతుంది, దొంగ దొరికిపోతాడు. ఈ చుక్క చిట్లలేదు. మూడేళ్ల కిందట పెట్టింది పెట్టినట్టే ఉంది. దొంగ అతనే.

మూడేళ్ల కిందట అబ్బులు బండి బాడీని రెండడుగులు వెనక్కి పెంచాడు, బరువు మోయడానికి స్ప్రింగు పట్టీలు అదనంగా వేయించాడు, సైలెన్సర్ పీకించి ఉత్త పైపు పెట్టించాడు. "బావ, పొగొస్తే రానీ, బండి లాగాల" అన్నాడు. గురువులు పని నేర్చుకుంది మరపడవల మీద. పడవ ఇంజను నల్లగా పొగ కక్కుతుంటే మంచి బలం మీదుందని జెట్టీలో అందరూ సంతోషిస్తారు. సముద్రంలో పొగ వెనక మనిషి ఉండడు, గాలి పట్టుకుపోతుంది. పికప్‌కి కూడా అతను అలాగే చెవితో విని, కంటితో పొగ చూసి, స్క్రూ ఒకటిన్నర చుట్టు బిగించాడు. బండి వెనక ఎవరు కూర్చుంటారని అడగలేదు. అప్పకి దగ్గు మొదలై ఎన్నాళ్లయిందని కూడా ఇన్నాళ్లూ లెక్కవేయలేదు. ఇప్పుడు వేశాడు. మూడేళ్లే.

గురువారం తెల్లారగట్ల అతను రేవులో బండి ఎక్కాడు. ఆడవాళ్లు నవ్వారు. సన్యాసమ్మ "గురువులు సేపలమ్ముతాడటే" అంది. అతను వెనక తలుపు దగ్గర, అప్పాయమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. పైన టార్పాలిన్, అడుగున చల్లటి ఐసు నీళ్లు. అప్పాయమ్మ తువ్వాలు తడిపి ముక్కుకి చుట్టుకుని గొలుసు వేసింది.

హనుమంతవాక దాటేదాకా బాగానే ఉంది. ఎండాడ ఎత్తు మొదలవగానే అబ్బులు గేరు మార్చి తొక్కాడు. బాడీ పెంచినప్పుడు పైపుని ఎవరూ పెంచలేదు. పొగ వాళ్ల కాళ్ల కిందే బయటికొచ్చి, బండి వేగానికి తిరిగి టార్పాలిన్ లోపలికి చుట్టుకొచ్చింది. గురువులు కళ్లు మూసుకున్నాడు. గొంతులో కారం రాసినట్టయింది. ముందువైపు కూర్చున్న వాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల దాకా రాకుండానే పొగంతా ఇక్కడ, ఈ రెండు ముక్కుల దగ్గర ఆగిపోతోంది. ఎత్తు ముగిసేదాకా అప్పాయమ్మ కదల్లేదు. ఊపిరి బిగపట్టడం అలవాటైపోయిన మనిషిలా తలుపు చువ్వ పట్టుకుని కూర్చుంది. పొగ తగ్గాక తువ్వాలు కిందికి లాగి, "నువ్వు ముందుకెళ్లి కూకో. నీకలవాటు నేదు" అంది.

అతనికి ఏడుపొచ్చింది. మొన్న వాకిట్లో బోర్లించిన రేకు పెట్టె గుర్తొచ్చింది. క్షమించమని అడగాలనిపించింది, కానీ తొమ్మిదిమంది ఆడవాళ్ల మధ్య, చేపల గంపల మధ్య, ఆ మాట ఎలా మొదలుపెడతారో అతనికి తెలియలేదు.

"పొగ నాను తీసీస్తాను అప్పా" అన్నాడు.

"తీసీ" అంది ఆమె.

ఆ మధ్యాహ్నమే బండి షెడ్డులోకి తీసుకున్నాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే పిడికెడు మట్టి రాలింది. కొత్తది వేశాడు. టర్బో గొట్టం మడత దగ్గర చీలిపోయి గాలి వదిలేస్తోంది. దాన్ని మార్చి క్లిప్పులు బిగించాడు. నాలుగు నాజిల్స్ తీసి ఒక్కొక్కటే టెస్టర్ మీద పెట్టి కొట్టి చూశాడు. మంచు చల్లినట్టు రావాల్సిన డీజిల్ రెండింట్లో చుక్కలు కారుతోంది. ఆ రెండూ మార్చాడు. పైపు కొస కోసి, కొత్త ముక్క వెల్డింగ్ పెట్టి, తలుపు అవతలికి, పక్కకి వంచాడు. స్టార్ట్ చేసి తొక్కి చూస్తే నలుపు పోయి టీ డికాషన్ రంగుకి దిగింది. ఇక మిగిలింది స్క్రూ.

ఎర్ర చుక్క మీద స్పానర్ పెట్టాడు. చుక్క చిట్లింది. ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాడు. మళ్లీ తొక్కించి, తన తెల్ల చేతిరుమాలు పైపు ముందు పట్టుకున్నాడు. నిమిషం పట్టుకున్నాడు. తీసి చూస్తే రుమాలు తెల్లగానే ఉంది. ఆ రుమాలు మడిచి జేబులో పెట్టుకుని పేటకెళ్లి అప్పకి చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నవ్వింది.

"ఇంత తెల్లగుంటే బండేనా ఇది, పెళ్లికొడుకా?"

ఆ పూట అతను అక్కడే అన్నం తిన్నాడు. తల వంచుకుని, "పెట్టె బోర్లించినాం. తప్పయిపోనాది" అన్నాడు. ఆమె ఇంకో చేప ముక్క వేసింది, అంతే.

శుక్రవారం ఉదయం ఏడున్నరకి ఎండాడ నుంచి అబ్బులు ఫోన్ చేశాడు.

"బావ, ఎత్తెక్కట్లేదు. మొదటి గేర్లో ఏడుత్తంది. ఎనకనుంచి లారీలోలు తిడతన్నారు."

"మెల్లగా ఎక్కించు."

"మెల్లగా ఏటి, ఆగిపోతంది. ఇద్దర్ని దింపీసినాను. నడిసి పైకొత్తారు."

సగం దూరంలో, తలుపు దగ్గరున్న అప్పాయమ్మతో సహా మరో ఇద్దరు దిగితే గాని బండి కదల్లేదట. నలుగురూ లారీల పక్కనుంచి ఎండాడ ఎత్తు నడిచి ఎక్కారు. సన్యాసమ్మ మోకాళ్లు పట్టుకుని మధ్యలో రెండుసార్లు కూలబడింది. అప్పాయమ్మ పైదాకా రాలేకపోయింది. ఊపిరందక రోడ్డు పక్క రాయి మీద కూర్చుంటే, పైకెళ్లిన వాళ్లు మళ్లీ కిందికొచ్చి ఆమెని రెండు చేతులూ పట్టుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆనందపురం చేరేసరికి ఎండెక్కింది. కొనేవాళ్లు కొనుక్కుని వెళ్లిపోయారు. ఐసు కరిగి, గంపల్లో కవ్వళ్ల చేపలు మెత్తబడ్డాయి.

శనివారం తెల్లారగట్ల రేవులో ఆడవాళ్లంతా ఒక మాట అనుకున్నారు. ఐసు తగ్గిస్తే సరుకు పాడవుతుంది. గంపలు తగ్గిస్తే తినేదేమీ మిగలదు. మనుషులే తగ్గాలి, ఎక్కినవాళ్లు కూడా ఎండాడ ఎత్తు దగ్గర దిగి నడవగలగాలి. ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. సన్యాసమ్మే మెల్లగా అంది.

"అప్పా, నీకు ఒంట్లో బాగునేదు కదా. కొన్నాళ్లు ఇంటికాడుండు. నీ గంప మేమే అమ్మీసి పెడతాం."

ప్రేమతోనే అంది. అందులో కల్తీ లేదు. అప్పాయమ్మ అడ్డు చెప్పలేదు. ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ ఎక్కించింది, తలలు లెక్కచూసింది, వెనక తలుపు మూసి గొలుసు వేసింది. ఈసారి బయటి నుంచి వేసింది. తెల్లటి పొగైనా లేకుండా బండి వెళ్లిపోయింది. ఆమె కోసం శుభ్రం చేసిన గాలి ఎనిమిదిమందికీ అందింది, ఆమెకి తప్ప. గురువులు షెడ్డు తలుపు తీస్తూ ఇదంతా చూశాడు. ఖాళీ గంప ఒకటి తలకిందులుగా వేసుకుని, దాని మీద కూర్చుని, ఆమె బండి వెళ్లిన వైపే చూస్తోంది. ఒళ్లో తడిపిన తువ్వాలు. అలవాటుగా తడిపేసిందేమో.

ఆ రోజంతా అతనికి పని సాగలేదు. సాయంత్రం బండి తిరిగొచ్చాక స్క్రూ పావు చుట్టు బిగించి, ఇసక బస్తాలేసి హనుమంతవాక దాటించి చూశాడు. లాగలేదు. ఇంకో పావు. పొగ కనిపించింది, పైపు పక్కకి వంచినా బండి వేగానికి తిరిగి టార్పాలిన్ లోపలికే చుట్టుకొచ్చింది, లాగడం మాత్రం అంతంతే. బలమూ పొగా రెండూ ఆ ఒక్క స్క్రూ మీదే నడుస్తున్నాయి. ఒకటి వదిలి ఒకటి రాదు. కొత్త బండి కొను అని అబ్బులుకి చెప్పడానికి అతనెవరు, కొనడానికి అబ్బులెవరు?

ఇంకా వెలుతురుండగానే అప్పాయమ్మ షెడ్డుకొచ్చింది. కుళాయి గట్టు మీద కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"రేపాదివారం" అంది.

"తెలుసు."

"ఆనందపురంలో నా సోట్లో బోయపాలెం దాని కొత్త కోడలు బుట్ట పెట్టీసిందట. ముప్పై ఏళ్ల సోటు. రెండాదివారాలు కనబడకపోతే అడిగినా ఇవ్వరు. మళ్లీ తిప్పీరా."

"తిప్పను. తెలిసీ ఎలగ తిప్పుతాను?"

"ఇంటికాడ కూకుంటే పెతీ దగ్గుకీ మహేశ్వరి నా సేతులు వాసన సూత్తంది. నాను మంచం మీద సావలేన్రా. గొలుసేసుకుని పోతాను."

"పోనీ ముందెళ్లి కూకో. ఎనక ఇంకెవలైనా కూకుంటారు."

"ఆళ్లు పొగ పీల్సుతారు కదా" అంది అప్పాయమ్మ. "సన్యాసమ్మ కూతురు మూడో నెల. దాన్ని కూకోబెట్టమంతావేటి?"

ఆమె లేచి బానెట్ కడ్డీ తనే నిలబెట్టి, స్పానర్ల పెట్టె అతని ముందుకి జరిపింది. అతను ఎంతోసేపు దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత పన్నెండో నంబరు తీశాడు. లాక్ నట్ వదులుచేసి, స్క్రూ పట్టుకుని తిప్పాడు. పాత చోటు అతని చేతికి తెలుసు. ఆ చేతిని నరుక్కోవాలనిపించింది. అయినా ఆ చెయ్యే స్క్రూని సరిగ్గా ఆ చోటికి తీసుకెళ్లి ఆపింది. లాక్ నట్ బిగించాడు.

"బొట్టెట్టవేటి?" అని అడిగింది ఆమె, గోళ్లరంగు సీసా చూపించి.

"ఎట్టను."

"సరే. ఈ సంగతి మనిద్దరి మద్దెనే ఉండనీ. నరేష్‌గాడికి తెలిస్తే అబ్బుల్ని కొడతాడు, నన్నిల్లు కదలనివ్వడు." నరేష్ ఆమె కొడుకు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని.

ఆదివారం బండి నిండు బరువు మీద మళ్లీ నల్లగా పొగ వదులుతూ రేవు గేటు దాటింది. అబ్బులు సంతోషంగా హారన్ కొట్టాడు. తొమ్మిదిమందీ ఉన్నారు. వెనక తలుపు దగ్గర తువ్వాలు కట్టుకున్న మొహంలోంచి రెండు కళ్లు గురువులుని చూశాయి. ఒక చెయ్యి లేచి, ఇక లోపలికెళ్లు అన్నట్టు ఊగింది. అతను వెళ్లలేదు. పొగ విడిపోయి రోడ్డు కనిపించేదాకా అక్కడే నిలబడ్డాడు.

పది రోజుల గడువుకి మళ్లీ సీతమ్మధార వెళ్లారు. డాక్టరమ్మ గొట్టంలో ఊదించింది. అప్పాయమ్మ చాతనైనంత ఊదింది. డాక్టరమ్మ కొత్త కాగితాన్ని పాత కాగితం పక్కన పెట్టి చూసింది. ఆమె మొహంలో కోపం కన్నా జాలే ఎక్కువ కనిపించింది.

"ఏమీ మెరుగులేదు. ఊదే బలం ఇంకా కొంచెం తగ్గింది కూడా. నిజం చెప్పమ్మా, పొగ మానలేదు కదూ?"

గురువులు నోరు తెరిచాడు. చెప్పేద్దామనుకున్నాడు, స్క్రూ గురించి, పైపు గురించి, తన చేతి గురించి. అప్పుడు అప్పాయమ్మ చెయ్యి వచ్చి అతని మోకాలి మీద పడింది. బరువుగా పడింది. చిన్నప్పుడు పడవలో భయపడినప్పుడు పడినట్టే.

"మాననేదు తల్లీ" అంది అప్పాయమ్మ. "తాగుతన్నాను. మానాలనే ఉంటాది. మాన్లేకపోతన్నాను."

"ఇప్పటికైనా ఒప్పుకున్నావు" అంది డాక్టరమ్మ. కాగితం మీద ఏదో రాసుకుని గురువులు వైపు తిరిగింది. "చూశారా, మొదట్లోనే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. తమ్ముడు కదా, ఇక మాన్పించే బాధ్యత మీదే."

గురువులు తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో మసి ఎంత తోమినా పోలేదు.

"అలాగేనమ్మా" అన్నాడు.